గోడకి ఒక చిల్లు

కొత్త ఇంట్లో పాలు పొంగించిన మర్నాటి నుంచే ఇల్లాలికి ఒక పోరు మొదలవుతుంది. దేవుడి పటం తగిలించాలి. గడియారం తగిలించాలి. వంటింట్లో గరిటెల స్టాండు, స్నానాల గదిలో అద్దం, వరండాలో బట్టలారేసుకునే తీగకి రెండు కొక్కేలు - అన్నిటికీ కావలసింది ఒక్కటే, గోడకి ఒక చిల్లు. చిటికెన వేలు దూరేంత కూడా అక్కర్లేదు. దానికోసం ఎలక్ట్రీషియనుకి కబురు పెడతాం. “రేపొస్తానమ్మా” అంటాడు. వెనకటికి దయ్యం భయంతో గుమ్మాల పక్కన ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకునేవారు గుర్తుందా? ఇప్పుడు ఆ మాట అనటం ఆయన వంతయింది.

ఈలోగా ఇంట్లో మగవాళ్ళెవరో ఒకరికి పౌరుషం వచ్చి సుత్తీ మేకూ పట్టుకుని బయల్దేరతారు. నాలుగు దెబ్బలకి మేకు వంకర తిరుగుతుంది. ఐదో దెబ్బకి అరచెయ్యంత సున్నం పెచ్చు ఊడి కింద పడుతుంది. “గోడే మంచిది కాదు” అని తీర్పు చెప్పి ఆయన పేపరు చదువుకోవటానికి వెళ్ళిపోతారు. చీపురు పట్టుకోవటం మనకెలాగూ తప్పదు.

పోనీ, డ్రిల్లు మిషను మనమే ఒకటి కొనుక్కుందామని హార్డువేరు షాపుకి వెళ్ళామనుకోండి. అక్కడ ఆకుపచ్చవి, నారింజరంగువి, పసుపువి, పదిహేను రకాలు వరసగా పెట్టి ఉంటాయి. అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. ధరలు మాత్రం ఒకదానికి మూడింతలు ఇంకొకటి. చీరల కొట్లో మనని మోసం చెయ్యటం అంత తేలిక కాదు గదా! అంచు తిరగేస్తాం, పోగు లాగుతాం, వెలుగుకి పట్టి చూస్తాం. ఎందుకంటే గుడ్డ ఎలా పుడుతుందో, ఎలా చస్తుందో మనకి తెలుసు. పనిముట్ల పుట్టుపూర్వోత్తరాలు కూడా అలాగే కాస్త తెలిస్తే ఆ షాపులో అంత అయోమయంగా ఉండదు. అందుకే ఈ కథ.

కథ మొదలయ్యేది బలూచిస్థాన్‌లో, బోలాన్ కనుమ దగ్గర. మెహర్‌గఢ్ అనే చోట పురావస్తు శాఖ వాళ్ళు తవ్వకాలు జరిపితే పాత సమాధులు బయటపడ్డాయి. అందులో తొమ్మిదిమంది మనుషుల దవడ పళ్ళు పదకొండింటికి గుండ్రటి చిల్లులు ఉన్నాయి! పుచ్చిపోయి పడ్డవి కావు, పనిముట్టుతో తొలిచినవి. బతికుండగానే తొలిచారనటానికి, తొలిచాక కూడా ఆ పళ్ళతోనే నమిలినట్టు అరుగుదల గుర్తులున్నాయట. వాటి వయస్సు ఏడున్నర వేల నుంచి తొమ్మిది వేల ఏళ్ళు. ఈ సంగతి 2006లో ‘నేచర్’ పత్రికలో అచ్చయింది. అదే ఊళ్ళో పూసలకి రంధ్రాలు వేసేవాళ్ళున్నారు. చెకుముకి రాతి మొన ఉన్న సన్నని పుల్లని తిప్పి రాయినే తొలిచేవాడికి పన్ను ఒక లెక్కా? మత్తుమందు మాట మాత్రం అడక్కండి. తలుచుకుంటేనే నా దవడ పట్టేస్తోంది.

ఆ పుల్లని తిప్పే పద్ధతి మనకి కొత్తదేమీ కాదు. కవ్వానికి తాడు చుట్టి అటూ ఇటూ లాగుతామే, అదే. తాడు రెండు కొసల్నీ ఒక విల్లుకి కడితే ఒక చేత్తోనే లాగవచ్చు, రెండో చెయ్యి పుల్ల నెత్తిన నొక్కి పట్టడానికి ఖాళీ అవుతుంది. వడ్రంగులు బరమా అనేది దీన్నే. ఈజిప్టులో రెఖ్మిరే అనే మంత్రిగారి సమాధి గోడల మీద, సుమారు 3,400 ఏళ్ళ క్రితం వేసిన బొమ్మల్లో, వడ్రంగి కుర్చీకి బరమాతో చిల్లు వేస్తూ కనిపిస్తాడు. హరప్పా వాళ్ళు వేలెడంత పొడుగున్న ఎర్రరాతి పూసలకి రెండు వైపుల నుంచీ తొలిచి మధ్యలో కలిపారు. దానికి ఎన్ని రోజులు పట్టేదో, ఎంత ఓపిక ఉండాలో! మన ముత్తవ్వలు తాతమ్మలు మెడలో వేసుకున్న ప్రతి పూసలోనూ ఎవడో ఒకడు రోజంతా కూర్చుని తిప్పిన బరమా ఉంది.

బరమాకి ఒకటే లోపం. కవ్వం లాగే, అటు తిరిగినంతా ఇటు తిరుగుతుంది. వెన్న తియ్యటానికి అది మంచిదే గాని, చెక్క తొలవటానికి సగం శ్రమ దండగ. ఒకే వైపుకి ఆగకుండా తిప్పే వంకర పిడి యూరపులో పదిహేనో శతాబ్దం నాటికి వచ్చింది. న్యూయార్కు మ్యూజియంలో, 1430 ప్రాంతంలో వేసిన మెరోడ్ చిత్రం అని ఒక ప్రసిద్ధమైన మూడు పలకల పటం ఉంది. మధ్య పలకలో మేరీ మాత పుస్తకం చదువుకుంటూ ఉంటుంది. పక్క పలకలో వడ్రంగి జోసెఫు ఈ వంకర పిడి పట్టుకుని చెక్కకి చిల్లులు వేస్తుంటాడు. ఆయన బల్ల మీద తయారుచేసిన ఎలకల బోను కూడా ఉంది. దైవకార్యం ఎలా ఉన్నా ఇంట్లో ఎలకల బాధ తప్పదు కాబోలు!

ఇంతకీ తిప్పటం ఎంత బాగా వచ్చినా మొన మెత్తగా ఉంటే ఏం లాభం? అసలు కథంతా మొనలో ఉంది. అంటే ఉక్కులో ఉంది. ఇక్కడికొచ్చేసరికి కథ మన వాకిట్లోకి వస్తుంది.

ఇనుమూ ఉక్కూ వేరు వేరు లోహాలు కావు. ఇనుములో నూటికి ఒక వంతో, ఒకటిన్నర వంతో బొగ్గు కలిస్తే అదే గట్టి ఉక్కు. తక్కువయితే మెత్తన, ఎక్కువయితే పెళుసు. ఉప్పు వెయ్యటం లాంటిదన్నమాట. కాని పులుసులో ఉప్పు దానంతటదే కరుగుతుంది. ఇనుములో బొగ్గు అన్ని వైపులా సమంగా కలవాలంటే ఇనుము కరగాలి. అంత వేడి పుట్టించటం ఒకప్పుడు మహా కష్టం. యూరపు వాళ్ళు ఇనప కడ్డీల్ని బొగ్గుపొడిలో పూడ్చి రోజుల తరబడి కాల్చేవాళ్ళు. పైపైన ఉక్కు, లోపల ఇనుము. ఊరగాయ ముక్కకి పైన కారం పట్టి లోపల చప్పగా ఉన్నట్టు.

మన నిజామాబాదు జిల్లాలో కోనసముద్రం అనే ఊరుంది. ఆ ఊరి వాళ్ళు, చుట్టుపక్కల నిర్మల్ ప్రాంతం వాళ్ళూ ఈ చిక్కుని ఎప్పుడో విప్పేశారు. మట్టి మూసలో ఇనప ముక్కలు వేసి, బొగ్గు పుట్టించే పదార్థం కలిపి, మూత పెట్టి మట్టి మెత్తి, తిత్తులతో ఊది, లోపలిదంతా కరిగించి, మూసలోనే నెమ్మదిగా చల్లారనిచ్చేవాళ్ళు. మూస పగలగొడితే అరచేతిలో పట్టేంత ఉక్కు బిళ్ళ. దక్షిణాన సేలం వైపు ఇదే పని చేసే వాళ్ళు మూసలో తంగేడు చెక్క, జిల్లేడు ఆకులు వేసేవారని ఆనాటి ఇంగ్లీషువాళ్ళు రాసి పెట్టారు. బతుకమ్మలో పేర్చే తంగేడు, రథసప్తమికి తలమీద పెట్టుకునే జిల్లేడు! ఆకుల్లోని బొగ్గు ఇనుములోకి దిగి ఉక్కు అయ్యేది.

ఆ బిళ్ళల కోసం పర్షియా వర్తకులు సముద్రాలు దాటి వచ్చేవాళ్ళు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండకి వచ్చిన ఫ్రెంచి నగల వర్తకుడు టావెర్నియే, నీటి అలల్లాంటి చారలు తేలే పర్షియా కత్తులకి ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వెడుతుందని రాశాడు. హెన్రీ వాయ్సీ అనే వైద్యుడు దేశం కొలిచే సర్వే వాళ్ళతో కలిసి ఈ ప్రాంతమంతా తిరిగి కోనసముద్రం కొలిమి పని కళ్ళారా చూశాడు. ఇస్ఫహాన్ నుంచి ఉక్కు కోసమే వచ్చి కూర్చున్న వర్తకుడు ఆయనకి అక్కడే తారసపడ్డాడు. వాయ్సీ 1824లో పోయాడు, ఆయన రాసింది 1832లో అచ్చయింది. ఒక పల్లెటూరి కొలిమి ముందు ఇస్ఫహాన్ ఆసామి మకాం వేసి ఉండటం ఊహించుకోండి. ఆయనకి భోజనం ఎవరు వండి పెట్టేవారో అని నాకొక సందేహం. వాయ్సీ వైద్యుడూ మగవాడూ కాబట్టి అలాంటివి రాయలేదు.

మన ‘ఉక్కు’ మాటే కన్నడంలోనూ ఉక్కు. ఇంగ్లీషువాళ్ళు విన్నదొకటి, రాసింది ఒకటి అయి, లండన్ చేరేసరికి అది ‘వూట్జ్’ అయి కూర్చుంది. 1795లో జార్జి పియర్సన్ అనే ఆయన అక్కడి రాయల్ సొసైటీలో ఈ వూట్జ్ మీద వ్యాసం చదివాడు. తరవాత మైకేల్ ఫారడే - కరెంటు పుట్టించే సూత్రం కనిపెట్టిన ఫారడేనే - కత్తుల వ్యాపారి జేమ్స్ స్టోడార్టుతో కలిసి 1819 నుంచి కొన్నేళ్ళపాటు దీని రహస్యం కోసం పరిశోధన చేశాడు. ఫారడే తండ్రి కమ్మరి. కొలిమి దగ్గర పుట్టిన పిల్లవాడికి ఆ ఉక్కు మీద మనసు పడటంలో వింత లేదు. ఆయనా సరిగ్గా పట్టుకోలేకపోయాడు, మట్టిలోని మరో లోహం కలవటం వల్ల ఆ గుణం వచ్చిందనుకున్నాడు. బొగ్గుపాలే అసలు సంగతని పారిస్‌లో బ్రెయాన్ అనే ఆయన చెప్పాడు.

ఇంగ్లండులో మూస ఉక్కు కనిపెట్టినవాడు కత్తులవాడు కాదు, గడియారాలు చేసేవాడు. పేరు బెంజమిన్ హంట్స్‌మన్. స్ప్రింగులకి మంచి ఉక్కు దొరక్క విసిగి, 1740ల్లో షెఫీల్డు పక్కన చేరి, మూసల్లో ఉక్కు కరిగించి పోత పోశాడు. ఆయనకి మన ఊళ్ళ సంగతి తెలుసనటానికి ఆధారం లేదు. షెఫీల్డు కత్తుల వాళ్ళు ఆ ఉక్కు చూసి “మరీ గట్టిగా ఉంది, మా చేతులు నొప్పి” అని మొహం తిప్పుకున్నారు. ఆయన ఫ్రాన్సుకి అమ్మాడు. ఫ్రెంచి వాళ్ళ కత్తులు వచ్చి షెఫీల్డు వాళ్ళ బేరాలు చెడగొట్టాక గాని వీళ్ళకి బుద్ధి రాలేదు. ఒక చలికాలం రాత్రి పోటీదారు ఒకడు బిచ్చగాడి వేషంలో వచ్చి, చలి కాచుకుంటానని కొలిమి పక్కన ముడుచుకు పడుకుని, కిటుకంతా చూసి పోయాడని ఒక కథ చెబుతారు. నిజమో కాదో గాని వినటానికి మాత్రం బాగుంది.

ఈ రెండు ఊళ్ళనీ కలిపినవాడు ఇంకొకడున్నాడు. జొసయా మార్షల్ హీత్. మదరాసు కంపెనీ ఉద్యోగి. మన దక్షిణాది ఉక్కు మీద మోజుతో ఉద్యోగం వదిలి, 1830 ప్రాంతంలో పరంగిపేటలో ఇనప కొలిమి పెట్టాడు. తరవాత ఇంగ్లండు తిరిగి వెళ్ళి, ఉక్కులో కాస్త మాంగనీసు కలిపితే తక్కువ రకం ఇనుము కూడా మంచి ఉక్కు అవుతుందని 1839లో పేటెంటు తీసుకున్నాడు. షెఫీల్డు వాళ్ళు ఆ కిటుకుని చిన్న మార్పుతో వాడేసుకుని, పేటెంటు మాకు వర్తించదన్నారు. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి 1851లో ఆయన పోయాడు, కేసు మాత్రం ఆయన పోయాక కూడా నడిచింది. 1855లో తీర్పు అవతలివాళ్ళ వైపే వచ్చింది. ఊరంతా ఆయన దయ వల్ల బాగుపడింది, ఆయన మాత్రం అప్పుల్లో పోయాడు.

కోనసముద్రం సంగతి అంతకన్నా కష్టం. బెస్సిమర్ 1856లో కొత్త పద్ధతి కనిపెట్టాక ఉక్కు ఓడల కొద్దీ చవగ్గా రాసాగింది. ఇక్కడ కొలిమికి కావలసిన కట్టెబొగ్గు అడవుల మీద ఆంక్షలొచ్చాయి, కత్తులు కొనే రాజులూ పోయారు. ఆ శతాబ్దం తిరిగేలోపల కొలుములు చల్లారిపోయాయి. చేతి నుంచి చేతికి వచ్చిన విద్య గనక రాసి పెట్టినవాళ్ళు లేరు. ఎంత బొగ్గు, ఎంతసేపు, ఏ రంగు మంట - అన్నీ కొలిమి ముందు కూర్చున్నవాడి కంటిలో ఉండేవి. అమ్మమ్మ ఆవకాయ కొలతల్లాగే, అడిగితే “కంటికి ఆనాలి” అనేవారేమో! 2010లో బెంగుళూరు, ఇంగ్లండులోని ఎక్సిటర్ నుంచి పరిశోధకులు వచ్చి ఉత్తర తెలంగాణ పల్లెల్లో చిట్టెపు కుప్పలూ, విరిగిన మూసలూ వెతికి లెక్కలు రాసుకువెళ్ళారు.

ఇక్కడొక మాట. మంచి ఉక్కు ఒక్కటే చాలదు, దానికి పదును పెట్టాలి. ఎంత చక్కని మాటండీ ఇది! కత్తికి పదును, నేలకి పదును, పాకానికి పదును. ఎర్రగా కాల్చిన ఉక్కుని నీళ్ళలో ముంచితే గాజులా గట్టిబడుతుంది, గాజులాగే విరుగుతుంది కూడా. అందుకని మళ్ళీ మెల్లిగా వేడి చేస్తారు. పైన రంగులు మారతాయి. ముందు లేత గడ్డిరంగు, తరవాత గోధుమ, ఊదా, ఆపైన నీలం. గడ్డిరంగు దగ్గర ఆపితే ఉలి, గట్టిగా ఉండి కోస్తుంది. నీలం దాకా పోనిస్తే స్ప్రింగు, వంగుతుంది గాని విరగదు. లేతపాకం, తీగపాకం, అరిసెల పాకం తేడా తెలిసినవాళ్ళకి ఈ శాస్త్రం వేరే చెప్పాలా? చవక స్క్రూడ్రైవరు కొన రెండు సార్లు తిప్పేసరికి మెలిపడిందంటే అది పాకం రాకుండా దింపేసింది. పెళుక్కున విరిగిందంటే ముదిరిపోయింది.

తరవాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. డ్రిల్లు మొనకి మెలికల గాడి చూస్తామే, అది 1863లో అమెరికాలో స్టీఫెన్ మోర్స్ పేటెంటు తీసుకున్నది. ఆ మెలికలు అందానికి కాదు, తొలిచిన పొడి పైకి రావటానికి. 1900 పారిస్ ప్రదర్శనలో టేలర్, వైట్ అనే ఇద్దరు అమెరికన్లు ఎర్రగా కాలినా మెత్తబడని ఉక్కు చూపించి అందరి నోళ్ళూ తెరిపించారు. ఇప్పటి మొనల మీద ‘హెచ్.ఎస్.ఎస్.’ అని మూడక్షరాలు చెక్కి ఉంటాయే, ఆ వంశమే. జర్మనీలో క్రుప్ కంపెనీ వాళ్ళు 1920ల్లో వజ్రంలా గట్టిగా ఉండే టంగ్‌స్టన్ కార్బైడు పనిముట్లు బజారులో పెట్టారు. గోడకి వాడే మొన కొసన వేరే లోహం ముక్క అతికినట్టు కనిపించేది అదే. చెక్కకి వేసే మొనతో గోడ తొలవబోతే పది నిమిషాల్లో అది మొద్దుబారిపోతుంది. ఈ తేడా తెలియక ఎంతమంది డ్రిల్లు మిషన్ని తిట్టుకున్నారో!

కరెంటుతో తిప్పటం 1889లో మొదలయింది. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో ఆర్నాట్, బ్రెయిన్ అనే ఇద్దరు రాళ్ళు తొలిచే యంత్రానికి పేటెంటు తీసుకున్నారు. అది ఇంట్లోకి వచ్చేది కాదు. 1895లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఫైన్ సోదరులు చేత్తో పట్టుకునే డ్రిల్లు చేశారు. చేత్తో అంటే ఒక చేత్తో అనుకోకండి, రెండు చేతులూ, ఛాతీ కూడా కావాలి. దాన్ని మన చేతిలోకి తెచ్చినవాళ్ళు అమెరికాలో బాల్టిమోరుకి చెందిన డంకన్ బ్లాక్, అలోంజో డెక్కర్. 1910లో చెరో ఆరు వందల డాలర్లు వేసుకుని కొట్టు పెట్టారు. బ్లాక్ ఆ డబ్బు కోసం కారు అమ్ముకున్నాడు. పిస్తోలు చూసి వాళ్ళకి ఊహ తట్టింది. పిడి అలాగే, మీట అలాగే. వేలు నొక్కితే తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. 1917లో పేటెంటు వచ్చింది. మనిషిని చంపటానికి కుదిరిన పిడి చిల్లు వెయ్యటానికి కూడా అంత చక్కగా కుదరటం చిత్రమే.

అయినా మరో ముప్ఫై ఏళ్ళపాటు అది కార్ఖానా వస్తువే. రెండో ప్రపంచయుద్ధంలో మగవాళ్ళు సైన్యానికి పోతే, అమెరికాలో లక్షలాది ఆడవాళ్ళు విమానాల కార్ఖానాల్లో చేరారు. తలకి గుడ్డ కట్టుకుని, చేతిలో డ్రిల్లు పట్టుకుని, రెక్కల రేకులకి చిల్లులు వేసి రివెట్లు బిగించారు. అంతకుముందు ఆడవాళ్ళ చేతికి యంత్రం ఇస్తే ఏమవుతుందోనని దిగులుపడ్డవాళ్ళు ఆ నాలుగేళ్ళూ నోరెత్తలేదు. యుద్ధం అయ్యాక మళ్ళీ ఎత్తారనుకోండి, చాలామందిని ఇళ్ళకి పంపేశారు. ఈ మధ్యలో ఇంకొక తమాషా జరిగింది. కార్ఖానాల్లో డ్రిల్లులు మాయమవుతున్నాయి! పనివాళ్ళు ఇంటికి పట్టుకుపోతున్నారు. చాలామంది యజమానులు పోలీసుల్ని పిలుస్తారు. డెక్కర్ గారి అబ్బాయి మాత్రం, ‘ఇళ్ళల్లో దీనికి ఇంత అవసరం ఉందన్నమాట’ అనుకున్నాడని ఆ కంపెనీ కథల్లో చెబుతారు. 1946లో ఇంటికి పనికొచ్చే చిన్న పావు అంగుళం డ్రిల్లు 16 డాలర్ల 95 సెంట్లకి అమ్మకానికి పెట్టారు. 1961లో తీగ లేకుండా బ్యాటరీతో తిరిగేది కూడా తెచ్చారు.

బ్యాటరీ డ్రిల్లు చంద్రుడి దాకా వెళ్ళింది. 1971లో అపోలో 15లో డేవిడ్ స్కాట్ చంద్రమండలం మీద నేల తొలిచాడు. ఎనిమిదడుగుల లోతు నుంచి మట్టి తియ్యాలి. గొట్టం దిగింది గాని బయటికి రాలేదు, ఇరుక్కుపోయింది. మెలికల గాడిలో పొడి బిగుసుకుపోయింది. స్కాట్, ఇర్విన్ ఇద్దరూ కలిసి భుజాలు పెట్టి లాగితే గాని ఊడలేదు. తరవాతి యాత్రకి గాడిని సరిచేసి, పైకి లేపే జాకీ ఒకటి కూడా పంపారు. మోర్స్ గారి మెలికల మహత్యం ఏమిటో అంత దూరం పోయాక మళ్ళీ తెలిసొచ్చింది.

సరే, గోడకి చిల్లు పడింది. అందులో స్క్రూ ఎలా నిలుస్తుంది? ఒకప్పుడు తాపీవాళ్ళు గోడలో పెద్ద గుంట తవ్వి, చెక్క ముక్క దిగ్గొట్టి, చుట్టూ సున్నం పూసేవాళ్ళు. 1910 ప్రాంతంలో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం వాళ్ళు దీపాలు బిగించమని జాన్ రాలింగ్స్ అనే కాంట్రాక్టరుకి పని ఇచ్చి, గోడలు మాత్రం పాడు చెయ్యకూడదన్నారు. అతను నార పురిని జిగురుతో గట్టిపరచి చిన్న గొట్టంలా చేసి చిల్లులో పెట్టాడు. స్క్రూ లోపలికి పోయేకొద్దీ గొట్టం ఉబ్బి గోడని పట్టుకుంటుంది. అదే రాల్ ప్లగ్గు. తరవాత ప్లాస్టిక్కుది అయింది. మన షాపుల్లో కొందరు దాన్ని రాయల్ ప్లగ్గు అంటారు. రాలింగ్స్ గారి పేరుకి రాజయోగం పట్టిందన్నమాట!

ఇప్పుడు షాపుకి వెడదాం. ఇంటికి పెద్ద మిషను అక్కర్లేదు. మొన పట్టే దవడ, చక్ అంటారు దాన్ని, 10 మిల్లీమీటర్లదయినా సరిపోతుంది, 13 అయితే మరీ నిశ్చింత. కాంక్రీటు స్తంభాలూ స్లాబులూ ఉన్న అపార్టుమెంటయితే సుత్తిదెబ్బ కూడా వేసే రకమే తీసుకోండి. మామూలు రకం అక్కడ వేడెక్కుతుందే గాని దిగదు. బ్యాటరీది తేలిగ్గా ఉంటుంది, స్క్రూలు బిగించటానికి హాయి. కాని ఏడాదికి నాలుగు చిల్లులు వేసే ఇంటికి తీగ ఉన్నదే నయం. వాడకుండా పడేసిన బ్యాటరీ కొన్నేళ్ళకి చచ్చిపోతుంది, ఒక్కోసారి కొత్త బ్యాటరీ ధర దాదాపు కొత్త మిషనంత ఉంటుంది.

చేతిలో పట్టుకుని చెయ్యి చాపి కాసేపు నిలబడండి. షాపువాడు నవ్వితే నవ్వనివ్వండి. ఆ బరువు స్టూలు మీద నిలబడి పట్టుకోవలసింది మీరు. మీట మెల్లిగా నొక్కితే మెల్లిగా, గట్టిగా నొక్కితే వేగంగా తిరగాలి. చక్‌లో మొన పెట్టి తిప్పించి చూడండి, కొస వణికితే వద్దనండి. వణికే మొన గుండ్రటి చిల్లు వెయ్యదు. ఒంటి మీద పెద్ద చతురస్రం లోపల చిన్న చతురస్రం ఉన్న గుర్తు వెతకండి. లోపల తీగకి ఏదయినా అయినా మన చేతికి షాకు తగలకుండా రెండు పొరల రక్షణ ఉందని దాని అర్థం. రంగూ డబ్బా అందం ఎలా ఉన్నా ఈ గుర్తు లేనిది మాత్రం ఇంటికి తేకండి.

చేతి పనిముట్లలో డబ్బు మిగల్చాలని చూడకండి. నలభై ముక్కల సెట్టు, వంద ముక్కల సెట్టు అని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి చవగ్గా అమ్మేవి ఎక్కువగా పాకం రాని ఉక్కువే. వాటి బదులు మంచి కంపెనీవి రెండు స్క్రూడ్రైవర్లు, ఒక పట్టకారు, ఒక సుత్తి చాలు. స్క్రూడ్రైవరు కొన స్క్రూ గాడిలో పూర్తిగా నిండాలి, చిన్నదయితే గాడినే తినేస్తుంది. పట్టకారు మూసి వెలుగుకి పట్టండి, దవడల సందులోంచి వెలుతురు రాకూడదు. సుత్తి అరకిలో లోపుది తీసుకోండి. కర్రపిడి అయితే చీరలో పోగు చూసినట్టే చూడాలి. కర్ర పోగు ఈ కొస నుంచి ఆ కొసకి నిలువుగా పోవాలి, అడ్డంగా బయటికి తేలితే ఎప్పుడో ఒకనాడు విరిగి తల ఎగిరిపోతుంది. మా ఇంట్లో తుమ్మకర్ర పిడి ఉన్న సుత్తి మా అత్తగారి నాటిది. కొబ్బరికాయ కొట్టటం దగ్గర్నుంచి మంచం కోడు బిగించటం దాకా ఆవిడ దానితోనే చేసేవారు, దాన్ని ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

చిల్లు వేసే ముందు మొనకి మీకు కావలసిన లోతు దగ్గర చిన్న టేపు ముక్క చుట్టుకోండి, ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. చిల్లు కింద గోడకి పాత కవరు ఒకటి నోరు తెరిచి అతికిస్తే పొడి అందులో పడుతుంది. కళ్ళజోడు లేనివాళ్ళు కూడా ఆ కాసేపు ఒకటి పెట్టుకోవాలి. కొంగు నడుముకి దోపుకుని, జడ ముడి పెట్టుకోండి, తిరిగే మొనకి వెంట్రుకా గుడ్డా ఒకటే. అన్నిటికన్నా ముందు ఆ గోడ మీద స్విచ్చి బోర్డు ఎక్కడుందో, దీపం ఎక్కడుందో చూడండి. లోపల తీగలు సాధారణంగా వాటికి నిటారుగా పైకో కిందికో, లేదా అదే ఎత్తున అడ్డంగానో పోతాయి. ఆ దారి వదిలిపెట్టి, జానెడు పక్కకి జరిగి, అప్పుడు మీట నొక్కండి.